కాంట్రాక్టర్లకు అమ్మే ట్యాక్స్ రిఫండ్ స్కీములు: మీ రిటర్న్‌లో ఏం రాశారో మీరే చూసుకోండి

అందరికీ నమస్కారం అండి. బెంగళూరులో కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. అంటే పేరోల్‌లో కాకుండా నెలనెలా ఇన్‌వాయిస్ పెట్టి డబ్బు తీసుకునే డెవలపర్లు, టెస్టర్లు, డేటా వాళ్లు. మీకు ఆదాయపు పన్ను చట్టంలోని 194జే సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కట్ చేసి ఇస్తారు కదా. జూన్, జులై వచ్చిందంటే మారతహళ్లి, బీటీఎం పీజీల వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి. "టీడీఎస్ మొత్తం వెనక్కి తెప్పిస్తాం, రిఫండ్ పడ్డాకే మా కమిషన్ ఇవ్వండి" అని. మొత్తం ఎలా తెప్పిస్తున్నారు? మీ పేరు మీద ఏం రాస్తున్నారు? అదే ఇవాళ ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చూద్దాం.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. నేను పాత నంబర్లే వాడుతున్నాను, 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా ఆదాయానికి అవే వర్తిస్తాయి.

సరే, లాగిన్. పాన్, పాస్‌వర్డ్, అయిపోయింది. పైన మెనూలో ఏఐఎస్ నొక్కండి, మీకు వచ్చిన ఆదాయం, కట్ అయిన పన్ను వివరాలన్నీ ఉండే పత్రం అది, ఇంకో ట్యాబ్ తెరుచుకుంటుంది. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి. పాస్‌వర్డ్ అడుగుతుంది: పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ, మధ్యలో గ్యాప్ వద్దు. ఇదంతా ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో చేస్తేనే మేలు, కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతుక్కోవచ్చు. 194జే అని వెతకండి. వచ్చింది కదా, ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత కట్ చేశారు, అన్నీ. అక్కడ 194జే బదులు 192 కనిపిస్తే మాత్రం ఆగండి. అది జీతం. జీతాన్ని ప్రొఫెషన్ ఆదాయంగా చూపించి సగం తీసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అదీ ఒక స్కీమే.

ఇప్పుడు లెక్క. ఇది చూడకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి. 44ఏడీఏ అని ఒక సెక్షన్ ఉంది. ఐటీ కూడా అందులో నోటిఫై అయిన ప్రొఫెషనే. వచ్చినదాంట్లో కనీసం 50 శాతం లాభంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు పెట్టక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షలు. స్క్రీన్ మీద చూడండి. 2025-26లో మీకు 24 లక్షలు వచ్చాయి. సగం 12 లక్షలు. పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు రెజీమ్‌లు, అంటే పద్ధతులు ఉన్నాయి; కొత్త రెజీమ్‌లో 12 లక్షల దాకా 87ఏ రిబేట్, అంటే పన్ను మినహాయింపు ఉంది. వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. కట్ అయిన 2 లక్షల 40 వేలూ చట్టప్రకారమే వెనక్కి వస్తాయి! మీకు హక్కుగా రావాల్సిన డబ్బు మీద వాళ్లు కమిషన్ కొడుతున్నారన్నమాట.

ఇప్పుడు 36 లక్షలు. సగం 18 లక్షలు. పన్ను లక్షా 60 వేలు, సెస్ కలిపితే 1,66,400. టీడీఎస్ 3,60,000 కాబట్టి రిఫండ్ 1,93,600 రావాలి. స్కీమ్ వాళ్లు 3,60,000 మొత్తం తెప్పించారనుకోండి. ఆ తేడా 1,66,400 ఎక్కడ దాచారు? అది వెతకాలి. ఈ స్టెప్ దగ్గరే నిదానంగా వెళ్దాం.

ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్. ఇక్కడ రెండు బటన్లు. డౌన్‌లోడ్ రిసీట్, డౌన్‌లోడ్ ఫామ్. ఏజెంట్ మీకు వాట్సాప్‌లో పంపేది మొదటిది, ఒక్క పేజీ అక్నాలెడ్జ్‌మెంట్. అందులో మొత్తాలే ఉంటాయి. ఏ సెక్షన్ కింద చూపించారు, ఏ వ్యాపారం అని రాశారు, అవేవీ ఉండవు. చాలామంది ఆ పేజీ చూసి రిటర్న్ చూసేశామనుకుంటారు. కాదండి. మీకు కావాల్సింది రెండోది, డౌన్‌లోడ్ ఫామ్. మళ్లీ చెప్తున్నాను, రిసీట్ కాదు, ఫామ్.

ఫామ్ తెరిచారా? కిందికి రండి, ఇంకా కిందికి. బిజినెస్, ప్రొఫెషన్ భాగం. 44ఏడీఏ ఉందా, 44ఏడీ ఉందా? చివర ఒక్క ఏ తేడా. 44ఏడీ చిన్న వ్యాపారులకు, డిజిటల్‌గా వచ్చిన డబ్బు మీద 6 శాతం లాభం చూపిస్తే చాలు. 36 లక్షలకు 2 లక్షల 16 వేలు, పన్ను సున్నా. నోటిఫై అయిన ప్రొఫెషన్ వాళ్లకు ఆ సెక్షన్ వర్తించదని అందులోనే రాసి ఉంది. అందుకే కోడ్ మారుస్తారు. ఇదిగో, నేచర్ ఆఫ్ బిజినెస్ కోడ్. సాఫ్ట్‌వేర్ పనులకు 14తో మొదలవుతుంది. ఇక్కడ 09తో మొదలైందంటే మిమ్మల్ని హోల్‌సేల్, రిటైల్ వ్యాపారిని చేశారని అర్థం. ఏఐఎస్‌లో 194జే ఉంటుంది. జీఎస్టీ ఉంటే ఆ టర్నోవర్ కూడా ఏఐఎస్‌కు వస్తుంది, మీ ఇన్‌వాయిస్ మీద 9983తో మొదలయ్యే సర్వీస్ కోడ్ ఉంటుంది. రిటర్న్‌లో మాత్రం దుకాణం! ఇది పట్టుకోవడానికి ఆఫీసర్ అక్కర్లేదు, కంప్యూటర్ చాలు.

అక్కడ సరిగ్గా ఉంటే డిడక్షన్ల దగ్గరికి వెళ్లండి. 80జీజీసీ అని వెతకండి. రాజకీయ పార్టీకి ఇచ్చిన విరాళాన్ని ఆదాయంలోంచి తీసేసే సెక్షన్ అది. స్కీమ్‌లో మీ డబ్బును బ్యాంక్ ద్వారా పార్టీకి పంపిస్తారు, కమిషన్ పోగా మిగతాది నగదుగా మీకు తిరిగి ఇస్తారు. ఇది పాత రెజీమ్‌లోనే చెల్లుతుంది కాబట్టి మీ పేరు మీద పాత రెజీమ్ ఎంచుకునే 10-ఐఈఏ ఫామ్ కూడా వేసి ఉంటారు, అదీ చూసుకోండి. 2025 జులై 14న ఇలాంటి తప్పుడు క్లెయిముల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేశారు. అప్పటికే నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది 1,045 కోట్ల క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, అదే సీబీడీటీ, చెప్పింది. ఆ ఆగస్టులో ఎన్నికల సంఘం 334 చిన్న పార్టీలను జాబితాలోంచి తీసేసింది. మీ విరాళం రసీదు మీద ఉన్న పార్టీ ఇప్పుడు ఉందో లేదో చూడండి.

ఇంకొకటి, మై ప్రొఫైల్‌లో కాంటాక్ట్ డీటెయిల్స్. ఈమెయిల్, మొబైల్ మీవేనా? బల్క్‌గా రిటర్న్‌లు వేసేవాళ్లు తాత్కాలిక ఈమెయిల్ పెట్టి తర్వాత వదిలేస్తారు. నోటీసులు అక్కడికి పోతాయి, మీకు తెలియదు. మీది కాకపోతే ఇప్పుడే మార్చండి, పాస్‌వర్డ్ కూడా.

"రిఫండ్ పడింది కదా, ఓకే అయినట్టే కదా" అంటారా? కాదు. ఇక్కడే ఎలక్ట్రానిక్ సిటీ దగ్గరున్న సీపీసీ, అంటే రిటర్న్‌లు ప్రాసెస్ చేసే కేంద్రం, 143(1) సెక్షన్ కింద చేసేది లెక్కలు, వివరాలు సరిచూడటం వరకే. కేసు తర్వాత తెరవొచ్చు. మామూలుగా ఆ అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది, ముగిశాక మూడేళ్ల మూడు నెలల దాకా, 50 లక్షలు దాటిన ఆదాయం దాచితే ఐదేళ్ల మూడు నెలల దాకా. మిస్‌రిపోర్టింగ్‌కు, అంటే తప్పుడు వివరాలు చూపినందుకు, 270ఏ కింద పెనాల్టీ ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం. మన 36 లక్షల ఉదాహరణలో పన్నూ పెనాల్టీ కలిపి వడ్డీ వేయకముందే దాదాపు 5 లక్షలు. ఇదంతా మీరే కట్టాలి, ఎందుకంటే వెరిఫికేషన్ దగ్గర ఓటీపీ చెప్పింది మీరు. బ్రిటన్‌లో కూడా కాంట్రాక్టర్లకు జీతం బదులు అప్పు ఇచ్చినట్టు చూపించే స్కీములు అమ్మారు. 2019లో ఆ అప్పుల మీద లోన్ చార్జ్ అనే పన్ను పడినప్పుడు బిల్లు ఎక్కువగా పనిచేసినవాళ్లకే వచ్చింది.

తప్పు దొరికితే రివైజ్డ్ రిటర్న్, అంటే సరిచేసిన రిటర్న్, వేసే గడువు ఉందేమో చూడండి, ఉంటే అదే వేసేయండి. గడువు దాటితే ఐటీఆర్-యూ, అంటే అదనపు పన్ను కట్టి వేసే అప్‌డేటెడ్ రిటర్న్. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన 12 నెలల్లోపు అయితే పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం, 24 నెలల్లోపు 50, 36 లోపు 60, 48 లోపు 70. స్క్రూటినీ, అంటే శాఖ మీ రిటర్న్‌ను వివరంగా పరిశీలించడం, మొదలయ్యాక ఈ దారి మూసుకుపోతుంది. అందుకని ఐటీఆర్-యూ తెరిచే ముందు పెండింగ్ యాక్షన్స్‌లో ఈ-ప్రొసీడింగ్స్ నొక్కండి. ఇదిగో ఇక్కడ. ఖాళీగా ఉంటే ముందుకెళ్లండి. నోటీసు ఉంటే దాన్ని డౌన్‌లోడ్ చేసి, జవాబు గడువు తేదీ రాసుకుని, ఏఐఎస్, ఫామ్, కాంట్రాక్ట్ కాపీ మూడూ పట్టుకుని చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి వెళ్లండి. రిఫండ్‌లో శాతం అడిగేవాళ్ల దగ్గరికి కాదు, రిటర్న్‌కు ఇంత అని ఫీజు తీసుకునేవాళ్ల దగ్గరికి.