మఠజీవితానికి పిలుపు ఉందా? తేల్చుకునే దారి

[తెరపై: తెరిచిన నోట్‌బుక్, పెన్ను]

సిస్టర్‌నో బ్రదర్‌నో కావాలనిపిస్తుంది. ఇది దేవుని పిలుపా, నా ఊహా? పూర్తిగా రూఢి అయ్యాకే మఠం గడప తొక్కుదామని చాలామంది ఏళ్లకేళ్లు ఆగిపోతారు. ఇంట్లో కూర్చుంటే ఆ రూఢి రాదు. అందుకే కతోలిక తిరుసభ (చర్చి) ఈ పరీక్షను మెట్లుమెట్లుగా పెట్టింది. మీరు మఠాన్ని చూస్తారు, మఠం మిమ్మల్ని చూస్తుంది.

ముందు నోట్‌బుక్ సంగతి. 1521లో పాంప్లోనా దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన స్పెయిన్ సైనికుడు ఇగ్నేషియస్ లొయోలా (తర్వాత జెస్విట్ సభను స్థాపించింది ఈయనే) మంచాన పడి రెండు రకాల కలలు కన్నాడు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలన్న కల కాసేపు హుషారిచ్చి, ఆనక మనసును ఎండగట్టేది. పునీతుల్లా బతకాలన్న ఆలోచన పోయాక కూడా సంతోషం ఉండిపోయేది. మనం పట్టుకోవాల్సింది ఆ ఉండిపోయేదాన్నే.

రోజూ రాత్రి రెండే లైన్లు రాయండి: ఏ ఆలోచన వచ్చింది, అది పోయాక ఏం మిగిలింది.

[తెరపై చేతిరాత]
"మంగళవారం. ప్రార్థనలో మఠం గుర్తొచ్చింది, భయమేసింది. రాత్రి అంట్లు తోముతుంటే మాత్రం మనసు తేలిగ్గా ఉంది."
"శుక్రవారం. ఆఫీసులో గొడవ. అన్నీ వదిలేసి మఠానికి పోవాలనిపించింది. సాయంత్రానికి గొడవ సర్దుకుంది, ఆ కోరికా పోయింది."

శుక్రవారం నాటిది అలసట. మంగళవారం నాటిది భయంతో మొదలైనా గమనించదగ్గది. ఒక్క వారం రాతతో ఏదీ తేల్చకండి. కొన్ని నెలలు రాసి, మీ ఆధ్యాత్మిక గురువు ముందు పెట్టండి. మనసు చీకటిగా ఉన్న రోజుల్లో పాత నిర్ణయం మార్చొద్దన్నది ఇగ్నేషియస్ నియమం. రిట్రీట్ (కొన్ని రోజుల ప్రార్థన, ధ్యానం) ముగిసిన సాయంత్రం, ఆ వేడి మీద మాటివ్వకపోవడం కూడా అంతే ముఖ్యమని మా అభిప్రాయం.

తర్వాత, ఏ సభ, అంటే ఏ మఠవాసుల సంఘం? అంగీ చూసి ఎంచుకునేవాళ్లు తక్కువేం కాదు! బెనెడిక్టైన్ సభ మఠవాసి ఒకే మఠానికి కట్టుబడతాడు. జెస్విట్ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాడు. ఈ రెండూ ఒకే మనిషికి సరిపడవు. చూడటానికి పండుగ రోజున కాకుండా మామూలు మంగళవారం వెళ్లండి. ఎన్నింటికి లేస్తారు, ఎవరు వంట చేస్తారు, మాటామాటా వస్తే ఎలా సర్దుకుంటారు అని అడగండి.

[తెరపై: అడ్డంకులు]

17 ఏళ్లు నిండనివారు, వివాహబంధం కొనసాగుతున్నవారు మఠంలో పరీక్షా కాలమైన నొవిషియేట్‌లో చేరితే ఆ చేరిక చెల్లదు. బలవంతంగానో, భయపెట్టో, మోసంతోనో చేర్చినా చెల్లదు. చాలామందికి తెలియనిది అప్పు సంగతి: తీర్చలేని అప్పులున్నవారిని చేర్చుకోకూడదు. చదువు లోన్ ఉంటే మొదటి మాటల్లోనే చెప్పేయండి. ఆరోగ్య సమస్యలు, మందులు కూడా దాచొద్దు. నొవిషియేట్ మధ్యలో బయటపడితే వ్యాధి కంటే దాచిన సంగతే పెద్దదవుతుంది.

[తెరపై: కాలరేఖ]

నొవిషియేట్ కనీసం 12 నెలలు. అందులో 3 నెలలకు మించి బయట ఉంటే అది చెల్లదు. 15 రోజులు దాటితే ఆ రోజులు మళ్లీ పూర్తి చేయాలి. 18 ఏళ్లు నిండాక తొలి మాటపట్టు (దేవునికి చేసే ప్రమాణం): పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఇది తాత్కాలికం, సాధారణంగా 3 నుంచి 6 ఏళ్లు. అవసరమైతే పొడిగించినా మొత్తం 9 దాటకూడదు. నిత్య (జీవితాంతపు) మాటపట్టుకు కనీసం 21 ఏళ్లుండాలి. ధ్యానమఠాల సిస్టర్ల తొలి శిక్షణ మొత్తం 9 నుంచి 12 ఏళ్లు సాగుతుంది.

నొవిస్ ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అది పారిపోవడం కాదు, పరీక్ష ఇచ్చిన జవాబు. అంతరాత్మ విప్పి చెప్పమని ఒత్తిడి చేసే అధికారం పెద్దలకు లేదు. "ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు", "ఈరోజే సంతకం పెట్టు" అనే మాట వినిపిస్తే ఆగండి, విచారణ (పారిష్) గురువుతో మాట్లాడండి.

చివరగా కాగితాలు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), అవివాహిత స్థితి పత్రాలు కావాలి. ఇంట్లో ఉన్న పాత జ్ఞానస్నాన పత్రం పనికిరాకపోవచ్చు, కొత్తది తీసుకోండి. ఎందుకంటే వివాహం వంటివి విచారణలోని జ్ఞానస్నాన రిజిస్టరులో మీ పేరు పక్కనే తర్వాత నమోదవుతాయి. నిత్య మాటపట్టు ఇచ్చిన రోజు వస్తే, అదీ ఆ పేజీలోనే రాస్తారు.