ప్రారంభోత్సవం మరునాటి నుంచి

సభాధ్యక్షులకు, విద్యార్థులకు నమస్కారం. సముద్ర సమాచార నెట్‌వర్కుల నిర్మాణం గురించి మాట్లాడమన్నారు. నిర్మించడం కన్నా నిలబెట్టడం గురించే నేను ఎక్కువగా చెబుతాను, మన్నించాలి.

సముద్రం లేని మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో, సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రమైన ఇన్‌కాయిస్ ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత, 2007 అక్టోబరులో అక్కడ ముందస్తు హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. వేల మీటర్ల లోతున కూర్చున్న పీడన మాపకం తన మీది నీటి బరువును కొలుస్తూ, మట్టంలో సెంటీమీటరు స్థాయి తేడాను సైతం పసిగట్టి, ధ్వని సంకేతంగా పైన నీటిమీద తేలే బోయాకు పంపితే, అది ఉపగ్రహం మీదుగా కేంద్రానికి చేరుతుంది. ఈ గొలుసులో తరచూ తెగేది కంప్యూటరు కాదు. బోయాకు నాచు, గుల్లలు పడతాయి, బ్యాటరీ అయిపోతుంది, దాని నీడకు చేపలు చేరతాయి గనుక వేట పడవలు వచ్చి దానికే తాళ్లు కడతాయి.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో కొత్త సర్వర్ల కొనుగోలు ఫైలు చకచకా నడిచింది. పాతవాటి నిర్వహణ ఒప్పందాన్ని పొడిగించే ఫైలు మాత్రం బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఆర్థిక సంవత్సరం దాటేసింది. ఈలోగా డిస్కు పోయింది, దానితోపాటు కొలతలూ పోయాయి. నిర్వహణకు రిబ్బను కత్తిరించే వేడుక ఉండదు కదా! నిన్నటి సముద్రాన్ని ఇవాళ మళ్లీ కొలవలేమని చెబితే, కొత్త ప్రతిపాదన పంపమన్నారు.

ప్రపంచ సముద్రాలను కొలిచే అంతర్జాతీయ వ్యవస్థ ఆర్గోను చూడండి. దాని ఫ్లోటు, అంటే నీటిలో మునుగుతూ తేలుతూ ఉండే పరికరం, సుమారు పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, లవణీయత కొలుచుకుంటూ పైకి వస్తుంది. నాలుగైదేళ్లకు సాధారణంగా బ్యాటరీ అయిపోతుంది. అయినా ఆ వ్యవస్థ రెండు దశాబ్దాలు దాటి నడుస్తోంది. పోయినవాటి స్థానంలో కొత్తవి వదులుతున్నారు. తయారీదారు ఎవరైనా ఫైళ్ల రూపం ఉమ్మడిదే. అదే సమాచారం ఫ్రాన్సులోని బ్రెస్ట్‌లోనూ, అమెరికాలోని మాంటెరేలోనూ ఉంటుంది. తొలి ప్రతిని 24 గంటల్లోపు అందరికీ ఉచితంగా ఇవ్వాలన్నది లక్ష్యం. సెన్సరు కొలతలో క్రమేణా వచ్చే తేడాను నిపుణులు సరిచేసిన ప్రతి తర్వాత వస్తుంది. ఎవరు, ఎందుకు, ఎంత సరిచేశారో ఆ ఫైల్లోనే నమోదవుతుంది గనుక, రాసినవారు పదవీ విరమణ చేసినా అంకెకు అర్థం పోదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇలాంటి ప్రాజెక్టు నివేదికలు రాస్తారు. పదో ఏట బ్యాటరీ ఎవరు మారుస్తారో, సర్వరు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో మొదటి పేజీలోనే రాయండి. ఆ పేజీ తీసేయమని పైవారు అంటే సంతకం పెట్టకండి.