ఉప్పు తేడాను పొయ్యి గొప్పతనం అనుకోకండి: మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లను పోల్చే పద్ధతి

[తెరపై: రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకే గొంతు ట్రాక్]

పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ల గురించి "ఇందులో సౌండ్ నిండుగా ఉంటుంది, అందులో పలుచగా ఉంటుంది" అన్న తీర్పు విన్న ప్రతిసారీ నాకు చికాకు కలుగుతుంది. ఒకే పప్పును రెండు పొయ్యిల మీద వండి, ఒకదానిలో చిటికెడు ఉప్పు ఎక్కువ వేసి, ఆ రుచంతా పొయ్యిదేనని చెప్పడం వంటిదది.

ఆ చిటికెడు ఉప్పు సాధారణంగా పాన్ లా దగ్గర, అంటే శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపేటప్పుడు దాని స్థాయిని నిర్ణయించే నియమం దగ్గర పడుతుంది. మధ్యలో ఉంచిన మోనో (ఒకే ఛానెల్) ట్రాక్‌ను రెండు స్పీకర్లూ పలికిస్తాయి కనుక, పక్కకు జరిపినప్పటితో దాని స్థాయిని సరితూచడానికి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో పద్ధతిని పాటిస్తుంది. ఏబుల్టన్ లైవ్ మధ్యలో 0 డెసిబెల్ ఉంచి, పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు 3 డెసిబెల్స్ పెంచుతుంది. క్యూబేస్‌లో మధ్యలోనే 3 డెసిబెల్స్ తగ్గించే అమరిక ఉంది. ఫేడర్లు (స్థాయిని మార్చే మీటలు) ఒకే చోట ఉన్నా మధ్యలోని గొంతుకు 3 డెసిబెల్స్ తేడా, అంటే శక్తిలో దాదాపు రెట్టింపు తేడా వస్తుంది. చెవి బిగ్గరగా ఉన్నదాన్నే మెచ్చుకుంటుంది.

[తెరపై: పొలారిటీ బటన్]

కాబట్టి ముందు ఉప్పు సమం చేయండి. ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే అదనపు సాధనాలు) లేకుండా, పాన్ లా ఒకేలా ఉంచి, రెండింటి నుంచీ ఒకే శాంపుల్ రేటుతో 32 బిట్ ఫ్లోట్ వేవ్ ఫైళ్లు తీసి, వాటిని ఒకే ప్రాజెక్టులో కచ్చితంగా ఒకే చోట మొదలయ్యేలా పేర్చి, ఒకదాని పొలారిటీని తిప్పండి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయండి; అచ్చం ఒకేలా ఉన్నవి అప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నిశ్శబ్దమే మిగిలితే రెండు పప్పులూ ఒకటే. ఏదైనా వినిపిస్తే, పొయ్యిని నిందించే ముందు లైవ్‌లో వార్ప్ (ట్రాక్‌ను టెంపోకు సాగదీసే సదుపాయం) ఆన్ అయి ఉందేమో చూడండి. టెంపోకు సాగదీసే అల్గారిథమ్‌లలోనూ, వెంట వచ్చే ప్లగిన్లలోనూ తేడాలు నిజంగానే ఉంటాయి. అవి పోపు దినుసులు, వాటి రుచి విడిగా చూడాలి.

అసలు పోల్చవలసినది పోపుల పెట్టె చేతికందుతోందా అన్నది. నూనె కాగాక ఆవాలు వెతుక్కోవలసి వస్తే అది ఎంత ఖరీదైన వంటగది అయినా నాకు వద్దు. మిశ్రచాపు 7 అక్షరాలను 3, 4గా విడదీసి మెట్రోనోమ్‌ను పలికించడం, మూడు టేకుల నుంచి మంచి పాదాలను ఏరి ఒక చరణంగా కూర్చడం: ఈ రెండు పనులూ ప్రతి సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఎక్కడ తడుముకున్నారో రాసుకోండి.

సమయం అయిపోతోంది, ట్రయల్ సంగతి త్వరగా చెబుతాను. రీపర్‌ను 60 రోజులు పూర్తి సదుపాయాలతో వాడవచ్చు. లాజిక్ ప్రో 90 రోజులు, అదీ మ్యాక్‌లోనే. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌కు గడువు లేదు కానీ, సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేవరకు తిరిగి తెరుచుకోదు. మూసేలోపే వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.