తలలో తీగ వేయించే ముందు

(నవంబరు 17, జాతీయ మూర్ఛవ్యాధి దినం సందర్భంగా కర్నూలు సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆత్మకూరు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, ఆశా కార్యకర్తలకు, నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం. శాలువాలు, దండలు వద్దన్నాను. ఆ పది నిమిషాలు కూడా మనకు పనికొస్తాయి.

నాకిచ్చిన అంశం డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డీబీఎస్. ఫిట్స్ తగ్గించడానికి మెదడు లోపలికి తీగ దించి కరెంటు ఇచ్చే వైద్యం. మీరంతా "తలలో మిషన్" అంటున్నది అదే. దాని గురించి అడిగే ప్రతి ఇంటివాళ్లనూ నేను ముందు ఒక మాట అడుగుతాను. మీవాడికి మందులు పనిచెయ్యవని ఎవరు తేల్చారు, ఏ లెక్కన తేల్చారు? ఆ గొడవకు తర్వాత వస్తాను. ముందు మిషన్ సంగతి.

మెదడు నడుమ థాలమస్ ఉంటుంది. దాని ముందు కొసన చిక్కుడు గింజంత భాగం ఒకటుంది, యాంటీరియర్ న్యూక్లియస్ అంటారు. కణత లోపలుండే హిప్పోక్యాంపస్ నుంచి బయల్దేరే నరాల దారి ఫోర్నిక్స్, మామిల్లరీ బాడీల మీదుగా ఇక్కడికి చేరి, సింగ్యులేట్ భాగానికి పోతుంది. కణతలో పుట్టిన ఫిట్స్ మిగతా మెదడుకు పాకే దారుల్లో ఇదొకటి. అందుకే కరెంటు పెట్టడానికి ఈ చోటును ఎంచుకున్నారు.

ఆపరేషన్ రోజు తలకు ఫ్రేము బిగించి సీటీ తీస్తారు. ముందే తీసిన ఎమ్మారైని దానితో కంప్యూటర్లో కలిపి కొలతలు కడతారు. మత్తిచ్చి పుర్రెకు రెండు పక్కలా చెరొక రంధ్రం చేస్తారు. ఒక్కో రంధ్రంలోంచి 1.27 మిల్లీమీటర్ల మందం ఉన్న తీగ దిగుతుంది, దాన్ని లెడ్ అంటారు. మామూలు రకానికి కొసన కరెంటు బయటికొచ్చే నాలుగు కాంటాక్టులుంటాయి. ఆ లెడ్లను చెవి వెనక నుంచి చర్మం కిందుగా వైరుతో దించి, కాలర్ ఎముక కింద పెట్టిన, బ్యాటరీతో కరెంటు పంపే పల్స్ జనరేటర్‌కు కలుపుతారు.

ఇక్కడ చిక్కేమిటంటే, ఆ న్యూక్లియస్ మెదడు లోపలి నీటి గది అంచున ఉంటుంది. లెడ్ చాలాసార్లు ఆ నీటిలోంచే పోవాలి. అంచు తగిలి రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జారిందా, కరెంటు వేరేచోట పడుతుంది. అందుకే ఆపరేషన్ అయ్యాక స్కాన్ తీసి, ఏ కాంటాక్టు న్యూక్లియస్‌లో ఉందో చూసి దాన్నే వాడాలి. మిషన్ పెట్టించుకున్నా గుణం లేదన్నప్పుడు ముందు చూడాల్సింది అదే.

2010లో వెలువడిన శాంటే పరిశోధన దీనికి ఆధారం. 110 మందికి అమర్చారు. సెట్టింగు 5 వోల్టులు, పల్స్ వెడల్పు 90 మైక్రోసెకన్లు, సెకనుకు 145 పల్సులు. ఒక నిమిషం ఆన్, అయిదు నిమిషాలు ఆఫ్. మూడు నెలలపాటు సగంమందికి కరెంటు ఇచ్చారు, సగంమందికి ఇవ్వలేదు. ఎవరికి ఇస్తున్నారో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. ఆ గడువు చివరికి ఫిట్స్ తగ్గుదల ఇచ్చినవాళ్లలో 40.4 శాతం, ఇవ్వనివాళ్లలో 14.5 శాతం. అయిదేళ్లు కొనసాగినవాళ్లలో తగ్గుదల 69 శాతం దాకా పోయింది. ఇది మధ్యస్థం. అంటే సగంమందికి అంతకంటే తక్కువే తగ్గాయి. అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది: 18 ఏళ్లు దాటినవాళ్లకు, మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు, మూడు గాని అంతకంటే ఎక్కువ గాని మందులకు లొంగనప్పుడు.

తగ్గుతాయి అంటున్నాను, పోతాయి అనడంలేదు. పూర్తిగా పోయినవాళ్లు కొద్దిమందే. మాత్రలు మానడం కూడా ఉండదు. ఖర్చు లక్షల్లో. పొలం అమ్మి పెట్టించి, మాత్రలు పారేద్దామని ఎవరైనా అనుకుంటే, అమ్మా, ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.

శాంటే పరిశోధన తొలి మూడు నెలల్లోనే దిగులు జబ్బు కరెంటు ఇచ్చినవాళ్లలో 8 మందికి కనబడింది, ఇవ్వనివాళ్లలో ఒక్కరికి. మతిమరుపు ఉందన్నవాళ్లు 7 మంది, అటువైపు ఒక్కరు. ఈ న్యూక్లియస్ జ్ఞాపకాల దారిలోనే ఉంది కదా. కాబట్టి ముందే దిగులుతో మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి దాచకూడదు. నిద్ర చెడితే రాత్రిపూట వోల్టేజి తగ్గించే వీలుంది, అడగాలి.

ఇప్పుడు నా గొడవ. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సరిగ్గా ఎంచిన రెండు మందులు, సరిపడా మోతాదులో, తట్టుకోగలిగి వాడినా ఫిట్స్ ఆగకపోతేనే అది మందులకు లొంగని మూర్ఛ. సరిగ్గా ఎంచిన! సరిపడా మోతాదులో! మన దగ్గర చీటీలు చూడండి. మూడు మందులుంటాయి, మూడూ సగం మోతాదులో. నెల తిరక్కముందే ఇంకో ఊరు, ఇంకో డాక్టరు, ఇంకో మాత్ర. దీన్ని లొంగకపోవడం అంటామా?

పదిహేనేళ్ల పిల్లకు పొద్దున లేవగానే చేతులు అదురుతాయి, గ్లాసు జారి పడుతుంది. తల్లి "అజాగ్రత్త" అని తిడుతుంది. చీటీలో కార్బమజిపిన్ రాసుంటుంది. ఇది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, ఎదిగే వయసులో వచ్చే అదుర్ల మూర్ఛ. ఇందులో ఆ మందు అదుర్లను పెంచుతుంది! మందు మారిస్తే కుదుటపడే పిల్లకు మొండి జబ్బు అని పేరు పడుతుంది. మార్చేటప్పుడూ ఆడపిల్ల అని గుర్తుండాలి, ఎందుకంటే సోడియం వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకు చేటు చేస్తుంది.

ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు సంగతి చూడండి. ఒక హద్దు దాటాక మోతాదు కొంచెం పెంచినా రక్తంలో అది ఒక్కసారిగా ఎగబాకుతుంది. 300 మిల్లీగ్రాములు సరిపోలేదని 400 వేస్తే మనిషి తూలిపోతాడు, కళ్లు తిరుగుతాయి. ఇంటివాళ్లు భయపడి మొత్తం ఆపేస్తారు. ఆపిన రెండో రోజో మూడో రోజో వరసగా ఫిట్స్. తప్పు ఎవరిది? మీరే చెప్పండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. తలకు వేడినీళ్లు చెంబుతో గబగబా పోసుకునేటప్పుడే ఫిట్స్ వచ్చేవాళ్లు దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో చాలామంది ఉన్నారు. మనం వాళ్ల పక్కనే ఉన్నాం. గోరువెచ్చని నీళ్లు, మెల్లగా పోసుకోవడం, డాక్టరు చెబితే తలంటుకు ముందు క్లోబాజామ్ మాత్ర. చాలామందికి ఇంతే చాలు. స్నానాల గదిలో వచ్చాయా అని అడిగేవాళ్లు లేక ఏళ్లు గడిచిపోతాయి.

పెద్ద కేంద్రాలకు మొండి మూర్ఛ అని వచ్చేవాళ్లలో అయిదుగురిలో ఒకరికైనా వీడియో ఈఈజీలో, అంటే ఫిట్స్ వచ్చినప్పుడు వీడియోతోపాటు మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్షలో, తేలేది మూర్ఛ కాదు, మనసు ఒత్తిడి వల్ల వచ్చే కదలికలు. వాళ్లకు కావలసింది మానసిక వైద్యం. వాళ్ల తలలో తీగ పెడితే ఏమొస్తుంది?

నిజంగానే మందులకు లొంగనివాళ్లున్నారు, మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు. వాళ్లకూ మొదటి ప్రశ్న డీబీఎస్ కాదు, ఫిట్స్ పుట్టే చోటును కోసి తీసే మామూలు ఆపరేషన్. కణత మూర్ఛ మీద 2001లో 80 మందితో వచ్చిన పరిశోధనలో, ఏడాదికి తెలివి తప్పే ఫిట్స్ పోయినవాళ్లు ఆపరేషన్ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. తిరువనంతపురం శ్రీ చిత్రా ఆస్పత్రిలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ మనకు రైలు దూరమే. అయితే ఎమ్మారై మూర్ఛకు తగ్గట్టు తీయాలి: వీలైతే 3 టెస్లా స్కానర్, ఒక మిల్లీమీటరు ముక్కలు, హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా కోసిన వరసలు. అయిదు మిల్లీమీటర్ల ముక్కల్లో చిన్న మచ్చ దాక్కుంటుంది. రిపోర్టులో "నార్మల్" అని పడుతుంది.

ఒకచోట కోసి తీయడానికి వీలుకాదని తేలాకే మెడలోని వేగస్ నరానికి కరెంటు ఇచ్చే మిషన్, డీబీఎస్ గురించి మాట్లాడాలి.

ఆ దారిలో పోయినవాళ్లు గుర్తుంచుకోండి. ఛాతీ దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా ఊళ్లో ఇంజక్షన్ వేయించుకొని ఊరుకోవద్దు. చీము తీగ వెంట పాకుతుంది, అప్పుడు మిషన్ తీసేయాల్సి రావచ్చు. భుజాన బస్తాలు మోసేవాళ్లు ఆపరేషన్‌కు ముందే ఆ మాట చెప్పాలి. ఆ పక్క వైరు మీద లాగుడు పడుతుంది. వైరు తెగితే డాక్టరు దగ్గరుండే, మిషన్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్‌లో ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, విపరీతంగా పెరిగి కనబడుతుంది. మామూలు బ్యాటరీ కొన్నేళ్లకే అయిపోతుంది, చార్జింగ్ రకం ఎక్కువకాలం వస్తుంది. ఎమ్మారైకి పోతే ముందు మిషన్‌తో ఇచ్చిన కార్డు చూపించండి. అన్నిటికంటే ముఖ్యం: మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీకి పోయినప్పుడు డయాథర్మీ, అంటే మిషన్‌తో ఒంటి లోపలికి వేడి పట్టే వైద్యం, పెట్టనివ్వకూడదు. ఆ వేడి తీగ వెంట మెదడులోకి పోతుంది, ప్రాణం పోవచ్చు.

ఆస్పత్రికి వచ్చేటప్పుడు పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు, ఎమ్మారై సీడీ తెండి. ఫిట్స్ ఎన్ని, ఏ పూట, ఎంతసేపు అన్నది పుస్తకంలో రాయండి. ఒకరు రోగిని పక్కకు తిప్పి చూసుకుంటుండగా ఇంకొకరు ఫోనులో వీడియో తీయండి. దుప్పటి తొలగించి ముఖం, రెండు చేతులూ కనబడేట్టు పట్టుకోండి. పేరు పెట్టి పిలవండి, పలుకుతాడో లేదో అందులో వినబడాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా తీయండి. వచ్చాక ముందు మాట పలికాడా, చెయ్యి ఆడించాడా అన్నదాన్ని బట్టి కూడా ఫిట్స్ ఏ పక్క మొదలైందో డాక్టరుకు అందుతుంది.