పిటోమ్నిక్ లో దిగిన తొమ్మిది విమానాలు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం. ఇక్కడ సగం మంది మా సర్వర్ లో ఎగిరేవాళ్ళే. మిగతావాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా, ఐఎల్-2 అని ఒక కంబాట్ ఫ్లైట్ సిమ్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, ఇంజిన్ వేడి దగ్గర్నుంచి అన్నీ మనమే చూసుకోవాలి, ఆన్‌లైన్ లో రెండు పక్షాలుగా ఆడతాం. నేను అందులో మిషన్లు తయారుచేస్తా. ఇవాళ ఒక్క మిషన్ గురించే మాట్లాడతా, స్టాలిన్‌గ్రాడ్ ది.

మొదట్లో నేను చేసింది మామూలు మిషనే. ఒకవైపు జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109లు, ఇంకోవైపు రష్యన్ యాక్-1లు, లా-5లు, మధ్యలో వోల్గా నది. రెండు గంటలు కొట్టుకోవడం, ఎవడు ఎన్ని కూల్చాడో లెక్క చూసుకోవడం, పడుకోవడం. బాగానే ఉండేది గానీ ఎన్నిసార్లు ఆడినా అది స్టాలిన్‌గ్రాడ్ అనిపించేది కాదు, మంచు తీసేస్తే ఎక్కడిదైనా కావచ్చు. తర్వాత 1942-43 చలికాలంలో అక్కడ జరిగిన యుద్ధం గురించి చదవడం మొదలుపెట్టా, అక్కడ నా తల తిరిగింది.

1942 నవంబర్ 23న ఎర్రసైన్యం ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చి కలాచ్ అనే ఊరి దగ్గర కలుసుకుంది, జర్మన్ ఆరో సైన్యం రెండున్నర లక్షల మందితో లోపల ఇరుక్కుపోయింది. విమానాలతో సరుకు పంపి బతికిస్తామని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ హిట్లర్ కి మాటిచ్చాడు. అక్కడ వైమానిక దళాన్ని నడుపుతున్న రిచ్తోఫెన్ కాదని చెప్పినా వినలేదు. రోజుకి 500 టన్నులు కావాలన్నారు. ఇప్పుడు లెక్కేద్దాం. జూ-52 అనే రవాణా విమానం ట్రిప్పుకి సుమారు 2 టన్నులు మోస్తుంది. అంటే రోజుకి 250 ల్యాండింగులు. డిసెంబర్ లో అక్కడ వెలుతురు ఎనిమిది గంటలు, అంటే వెలుగు ఉన్నంతసేపూ రెండేసి నిమిషాలకి ఒకటి దిగాలి, మంచులో, పొగమంచులో, కింద నుంచి ఫ్లాక్, అంటే విమానాల్ని కూల్చే తుపాకులు, పైనుంచి యాక్‌లు. రాత్రి కూడా దింపారు, రాత్రి లెక్క కలిపినా కుదరదు. కుదరలేదు కూడా, చివరికి సగటున రోజుకి 100 టన్నుల చుట్టుపక్కలే అందింది. నేను ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రాత్రి నిద్రపట్టలేదండి. అంతమంది ప్రాణాలు ఒక భాగహారంలో ఉన్నాయి, అది ఎవరైనా చేయగల భాగహారం.

అందుకే మిషన్ మొత్తం మార్చేశా. ఇప్పుడు గెలుపు కూల్చిన విమానాలతో కాదు, టన్నులతో. జర్మన్ పక్షానికి ఆరు జూ-52లు, ముట్టడి లోపలున్న పిటోమ్నిక్ ఎయిర్‌ఫీల్డ్ లో దిగి రెండు నిమిషాలు ఆగితే 2 టన్నులు జమ. రెండు గంటల్లో 30 టన్నులు దించాలి. నిజానికి జూ-52లు సరుకుతో బయల్దేరే టాట్సిన్స్కాయా నుంచి పిటోమ్నిక్ కి రెండొందల కిలోమీటర్ల పైమాటే, అంతదూరం పెడితే మనవాళ్ళు విసిగిపోతారని దారి మధ్యలో గాల్లోనే మొదలయ్యేలా పెట్టా, అది ఒక్కటే నేను రాజీ పడింది. మేఘాలు బాగా కిందకి దించా. రష్యన్ పక్షానికి, వాళ్ళ వైమానిక దళాధిపతి నొవికోవ్ చేసినట్టే దారిని జోన్లుగా పంచి ఇచ్చా, ఒక్కో జోన్ ఒక్కో జట్టుది.

జూ-52 చూసినవాళ్ళకి తెలుసు, మూడు ఇంజిన్లు, ఒళ్ళంతా మన రేకుల షెడ్డు గోడలా గీతలు గీతలు, మెల్లగా వెళ్తుంది. జర్మన్ సైనికులు టాంటే యూ అనేవాళ్ళట, జూ ని జర్మన్ లో యూ అని పలుకుతారు, యూ అత్త అన్నట్టు. మేం ఈ మిషన్ ఆడిన రాత్రి దాన్ని నడపడానికి ఎవరూ ముందుకి రాలేదు, ఒక కొత్త కుర్రాడు, అప్పటిదాకా ఒక్క విమానం కూల్చనివాడు, నేను తీసుకుంటా అన్నా అన్నాడు. మొదటి ట్రిప్పు దిగాడు. రెండోది వస్తుంటే మేఘం లోంచి ఒక యాక్ కిందకొచ్చి ఒకటే బర్స్ట్. హెడ్‌సెట్ లో వాడి గొంతు, "అన్నా, మధ్య ఇంజిన్ పోయిందన్నా". "రెండు చాలు రా, ముక్కు లేపకు, స్పీడ్ పోనీకు" అన్నా. అద్దం నిండా ఆయిల్, వాడు పక్క కిటికీ లోంచి మంచులో రన్‌వే జెండాలు చూసుకుంటూ దించాడు. ఒక చక్రం గోతిలో పడి రెక్క నేలకి తగిలింది, కానీ ఆగింది. రెండు నిమిషాలు ఎవ్వరూ మాట్లాడలేదు, నూట ఇరవై సెకండ్లు. 2 టన్నులు జమ అని స్క్రీన్ మీద పడగానే యాక్ నడిపినవాడే ముందు అరిచాడు, సూపర్ రా తమ్ముడూ అని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం జర్మన్ పక్షం నడుపుతున్నాం కదా అని వాళ్ళు బాధితులైపోరు. అదే ఏడాది ఆగస్టు 23న అదే జర్మన్ వైమానిక దళం నగరం మీద బాంబులేసి వేలమంది మామూలు జనాన్ని చంపింది. ఆ యాక్ పైలట్ చేస్తున్నది తన ఊరు కాపాడుకోవడం. ఇది మిషన్ కి ముందు నేనిచ్చే బ్రీఫింగ్ లో మొదటి పేరాలోనే ఉంటుంది, చదవకుండా స్లాట్, అంటే ఆడటానికి విమానం, ఇవ్వను. నాజీ గుర్తులున్న స్కిన్లు, అంటే విమానం మీద వేసే రంగులు, మా సర్వర్ లో ఉండవు, ఎవరు బతిమాలినా ఉండవు.

ఆ రాత్రి మొత్తం తొమ్మిది ల్యాండింగులు, 18 టన్నులు. రష్యన్ పక్షం గెలిచింది. మామూలుగా మిషన్ అవ్వగానే అందరూ వెళ్ళిపోతారు, ఆరోజు ఒంటిగంట దాకా కూర్చుని తర్వాత ఏమైందని అడుగుతూనే ఉన్నారు. డిసెంబర్ 24న రష్యన్ జనరల్ బదానొవ్ ట్యాంకులు టాట్సిన్స్కాయా ఎయిర్‌ఫీల్డ్ మీదకే వచ్చేశాయని, పొగమంచులో ఆ గుళ్ళ మధ్యలోంచే జూ-52లు లేచాయని, జనవరి 16న పిటోమ్నిక్ కూడా పోయిందని చెప్పా. మరి అప్పుడు ఎక్కడ దిగారన్నా అని అడిగాడు ఆ కుర్రాడే. గుమ్రాక్ లో, దానికంటే చిన్నది, రన్‌వే అంతా గోతులు. వచ్చే శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి అదే పెడుతున్నా, జూ-52 స్లాట్లు ఆరు, ఒకటి వాడికి ఇచ్చేశా, ఐదున్నాయి.