సాగర్‌నగర్ గాలికి ఆరేళ్లు ఆగిన మారుతి

హోస్ట్: నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రిగారి షెడ్డులోనే రికార్డు చేస్తున్నాం, సుత్తి దెబ్బలు వినబడితే సర్దుకోండి. మా నాన్నగారి మారుతి 800 విశాఖ సముద్రం ఒడ్డున సాగర్‌నగర్‌లో ఇంటి ముందు ఆరేళ్లు కదల్లేదు. ఒక చోట చూపిస్తే కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడి, పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నారు. అప్పుడు ఇక్కడికి తెచ్చాను.

మేస్త్రి: తెచ్చిన రోజు తిట్టాను, గుర్తుందా బాబూ?

హోస్ట్: సెల్ఫ్ కొట్టానని.

మేస్త్రి: మరి! అన్నేళ్లు ఆగితే బోరు మీద, అదే సిలిండర్ లోపలి గోడ మీద, ఆయిల్ ఏటి మిగుల్తాది? కిందకి జారిపోతాది. పొడి బోరు మీద పిస్టన్ చుట్టూ ఉండే రింగులు రాసుకుంటాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి, రాత్రంతా వదిలీసి, పొద్దున్న పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో తిప్పాల. తిరిగితేనే సెల్ఫ్ జోలికెళ్లాల.

హోస్ట్: ముందు చూపించిన చోట వాళ్లు తీసిన కంప్రెషన్ రీడింగులు 150, 145. మూడో సిలిండర్ మాత్రం 85 పౌండ్లు.

మేస్త్రి: మూడూ తక్కువొస్తే, యాక్సిలరేటర్ తొక్కకుండా కొలిచారేమో అనుకుందును. ఒక్కటే పడిందంటే కత వేరే. ఇంజిన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటాది. అది ఎగ్జాస్ట్‌దైతే సైలెన్సర్‌లోంచి గాలి నేరుగా బోరులోకే. మీ సాగర్‌నగర్ గాలి కిటికీ ఊచల్నే తినీస్తాది కదా!

హోస్ట్: మీరు ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా ప్లగ్గు రంధ్రంలో దింపి చూపించారు. బోరు చుట్టూ చేతి గాజులాగా ఎర్రటి గీత.

మేస్త్రి: పిస్టన్ ఆగిన చోటు అది. గీత పైపైనే ఉంది, గుంటలు లేవు. గుంటలు పడుంటే నేనూ ఇంజిన్ దించి బోరు కొత్తగా కోయించమనే చెప్దును.

హోస్ట్: తర్వాత ఆయిల్ పోసి మళ్లీ కొలిచారు. 85 కాస్తా 120 అయింది.

మేస్త్రి: పెరక్కపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. పెరిగిందంటే రింగులు. కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రింగు అరిగినా పెరుగుతాది, గాడిలో బిగుసుకుపోయినా పెరుగుతాది. గేజ్‌కి తేడా తెలీదు. మీ బండి తిరిగింది 48 వేలే. అరగడానికి తిరగాలి కదా? బిగుసుకున్నదే అయ్యుంటాది, తిరిగితే వదులౌతాది. అందుకే ట్యాంకులో కుళ్లిన పెట్రోలు తీసీసి, ఆయిల్ మార్చి, మెల్లగా తిప్పుకురమ్మన్నాను.

హోస్ట్: భీమిలి రోడ్డు మీద అటూ ఇటూ నాలుగొందల కిలోమీటర్లు. ఇవాళ మూడోది ఎంతుంది?

మేస్త్రి: 138. ఆయిల్ పొయ్యకుండానే.

హోస్ట్: పొద్దున్న స్టార్ట్ చేస్తే ఇంకా నీలం పొగ వస్తోందండి.

మేస్త్రి: ఒక్క బుస్సుమని ఆగిపోతాదా, తొక్కినప్పుడల్లా వస్తాదా?

హోస్ట్: ఒక్కసారే.

మేస్త్రి: వాల్వుల దగ్గర ఆయిల్ ఆపే సీళ్లు. రబ్బరు ఎండిపోయింది. తొక్కినప్పుడల్లా వస్తే రింగుల మీద అనుమానపడాల. ఉండండి, పాత ఆయిల్ ఫిల్టర్ కోద్దాం.

(రేకు కోస్తున్న చప్పుడు)

మేస్త్రి: ఈ మడతలు ఎండలో పెట్టి చూడండి. అయస్కాంతానికి అంటుకున్నది తుప్పు పొడి, కొంచెమే. రాగి రంగు మెరుపు కనబడిందా?

హోస్ట్: లేదు.

మేస్త్రి: ఉంటే బేరింగులు పోయినట్టు. ఇంజిన్ దించీ పని లేదు. సీళ్ల సెట్టు తెచ్చుకోండి, సోమవారం వేసీద్దాం.