సబ్‌మెరైనర్ ఆర్కిపోవ్: కే-19 నుంచి బీ-59 దాకా

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ వసీలీ ఆర్కిపోవ్ గురించి. సోవియట్ నేవీలో సబ్‌మెరైన్ ఆఫీసర్‌గా చేరి వైస్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. క్యూబాలో సోవియట్ క్షిపణులు పెట్టారని అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుదాకా వచ్చిన 1962 అక్టోబర్‌లో, క్యూబా దగ్గర అణు టార్పెడో వదలకుండా ఆపిన మనిషిగా ఇప్పుడు ఆయనకు పేరుంది. ఆ కథ చెప్పడానికి మా బాబాయ్‌ని కూర్చోబెట్టాను. వైజాగ్‌లో సబ్‌మెరైన్లలోనే పనిచేసి రిటైరయ్యారు. పేరు వద్దన్నారు, కాబట్టి ఇవాళ అందరికీ బాబాయే.

బాబాయ్: నా సంగతి వదిలెయ్ అమ్మా. ఆయన గురించి మాట్లాడుకుందాం.

హోస్ట్: ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "ప్రపంచాన్ని కాపాడిన మనిషి" అనే ఉంటుంది. మీకు ఆ మాట అంత నచ్చదని మొన్న ఫోన్‌లో అన్నారు.

బాబాయ్: మాట అబద్ధమని కాదు. ఆ ఒక్క రోజే చెప్పి వదిలేస్తున్నారని బాధ. సబ్‌మెరైన్‌లో ఒకడు "ఆగు" అంటే మిగతావాళ్లు ఆగాలంటే, వాడి మాటకు అంతకుముందే ఒక బరువుండాలి. ఆ బరువు ఆర్కిపోవ్ గారికి ఎక్కడి నుంచి వచ్చింది? దానికి ఏడాదికి పైగా ముందు జరిగింది తెలియాలి. అది ఎవరూ చెప్పరు.

హోస్ట్: అయితే మొదట్నుంచీ చెప్పండి.

బాబాయ్: 1926 జనవరి 30న పుట్టారు, మాస్కో దగ్గర ఒక పల్లెలో. రైతు కుటుంబం. నేవీ స్కూల్లో చదువుతుండగానే 1945 ఆగస్టులో జపాన్‌తో యుద్ధం వచ్చింది. అప్పుడు మైన్‌స్వీపర్ మీద, అంటే సముద్రంలో పెట్టిన మైన్లు ఏరేసే ఓడ మీద పనిచేశారు. ఆ తర్వాత బాకూలో ఉన్న కాస్పియన్ నేవీ స్కూల్‌కి మారి, 1947లో పాసై, సబ్‌మెరైన్లలోకి వెళ్లారు. నల్ల సముద్రం, బాల్టిక్, ఉత్తర నౌకాదళం, అన్నిచోట్లా చేశారు. ఇక్కడిదాకా మామూలు సర్వీసే. అసలు సంగతి 1961 నుంచి.

హోస్ట్: కే-19.

బాబాయ్: అవును. అణు రియాక్టర్‌తో నడిచే, బాలిస్టిక్ క్షిపణులు మోసే సోవియట్ సబ్‌మెరైన్లలో మొదటిది. అమెరికాను అందుకోవాలన్న తొందరలో కట్టారు. కెప్టెన్ నికొలాయ్ జతేయెవ్, ఆయన కింద డిప్యూటీగా ఆర్కిపోవ్. 1961 జూలై 4న, ఉత్తర అట్లాంటిక్‌లో ఉండగా ఒక రియాక్టర్ కూలింగ్ వ్యవస్థ లీకైంది. నీళ్ల ప్రెషర్ పడిపోయింది, రియాక్టర్ వేడెక్కుతోంది. బ్యాకప్ కూలింగ్ ఉందా అంటే, అసలు పెట్టనే లేదు. పైగా దూరం వెళ్లే రేడియో పనిచేయడం లేదు. మాస్కోకి చెప్పే దారి లేదు.

హోస్ట్: మరి ఏం చేశారు?

బాబాయ్: ఉన్న పైపులు కోసి, వెల్డింగ్ చేసి, రియాక్టర్‌లోకి నీళ్లు పంపే కొత్త లైను అప్పటికప్పుడు తయారుచేశారు. ఆ వెల్డింగ్ ఎక్కడ చెయ్యాలి? రియాక్టర్ ఉన్న కంపార్ట్‌మెంట్ లోపలే. రేడియేషన్ ఆపే సూట్లు లేవు. రసాయనాల నుంచి కాపాడే రెయిన్‌కోటు లాంటివి ఉన్నాయంతే. లోపలికి వెళ్తే ఏమవుతుందో అక్కడివాళ్లకి తెలియక కాదు. వంతులేసుకుని వెళ్లారు. రియాక్టర్ చల్లబడింది. వెళ్లినవాళ్లలో ఎనిమిది మంది మూడు వారాల్లో పోయారు. తర్వాత ఇంకొంతమంది.

హోస్ట్: ఆర్కిపోవ్ గారికి కూడా రేడియేషన్ తగిలిందా?

బాబాయ్: లోపలున్న అందరికీ ఎంతో కొంత తగిలింది. ఇంకో సంగతుంది, అది నాకు చాలా ముఖ్యం. సిబ్బందిలో కొంతమంది, దగ్గర్లోని ఏదైనా దీవికి పోయి దిగిపోదామన్నారు. కెప్టెన్ ఒప్పుకోలేదు. దక్షిణంగా వెళ్తే తమ డీజిల్ సబ్‌మెరైన్లు ఉంటాయి, వాళ్ల సాయం దొరుకుతుందని ఆయన లెక్క. తిరుగుబాటు వస్తుందేమోనని భయపడి, చిన్న ఆయుధాలు దాదాపు అన్నీ సముద్రంలో పారేయించారు. ఆ టెన్షన్‌లో కెప్టెన్ వెంట గట్టిగా నిలబడిన ఆఫీసర్ ఆర్కిపోవ్. కెప్టెన్ లెక్కే నిజమైంది. ఎస్-270 అనే డీజిల్ సబ్‌మెరైన్ వచ్చి మనుషుల్ని తీసుకెళ్లింది.

హోస్ట్: అంటే అప్పుడు కెప్టెన్ మాట నిలబెట్టిన మనిషే, మరుసటి ఏడాది ఇంకో కెప్టెన్‌కి అడ్డం చెప్పారు.

బాబాయ్: అదే నేను చెప్పాలనుకున్నది. ఎదురుచెప్పడం ఆయన అలవాటు కాదు. కెప్టెన్ ఆర్డర్ ఎంత పవిత్రమో ఆయనకి తెలుసు. రియాక్టర్ ముందు నిలబడి తోటివాళ్లు చావడం కూడా చూశారు. రేడియేషన్ అంటే మిగతా ఆఫీసర్లకి పుస్తకంలో పాఠం, ఆయనకి తెలిసిన మొహాలు. కే-19 సంగతి నేవీలో పాకిపోయింది. ఆయన ఎవరో, క్యూబా వైపు వెళ్లిన బీ-59 సబ్‌మెరైన్ ఎక్కిన రోజే లోపల అందరికీ తెలుసు.

హోస్ట్: సరే, బీ-59కి వద్దాం.

బాబాయ్: 1962 అక్టోబర్ 1న నాలుగు డీజిల్ సబ్‌మెరైన్లు కోలా ద్వీపకల్పం నుంచి రహస్యంగా క్యూబా వైపు బయల్దేరాయి. బీ-4, బీ-36, బీ-59, బీ-130. ఒక్కోదాంట్లో ఇరవై రెండు టార్పెడోలు, అందులో ఒకటి అణు టార్పెడో, హిరోషిమా బాంబు స్థాయిది. బీ-59కి కెప్టెన్ వాలెంటిన్ సావిట్స్కీ. ఆర్కిపోవ్ ఆ మొత్తం బ్రిగేడ్‌కి చీఫ్ ఆఫ్ స్టాఫ్. ర్యాంకులో ఇద్దరూ సమానం. ఆయన వేరే బోటు ఎక్కి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం.

హోస్ట్: ఇవి ఫాక్స్‌ట్రాట్ క్లాస్ కదా? మన కుర్సురా లాంటివే?

బాబాయ్: అదే డిజైన్. ప్రాజెక్ట్ 641 అంటారు. మన ఐఎన్ఎస్ కుర్సురా కూడా ఆ కుటుంబమే. 1969లో రీగాలో కమిషన్ అయింది, 2001లో రిటైరైంది. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియం. మనకి ఇచ్చినవాటిని వేడి సముద్రాలకు తగ్గట్టు కొంత మార్చి ఇచ్చారు. వాళ్లవి మాత్రం ఉత్తరాన మంచు సముద్రాల కోసం కట్టినవి, వాటినే తీసుకుని అట్లాంటిక్‌లో వెచ్చగా ఉండే సర్గాసో సముద్రంలోకి వెళ్లారు. నువ్వు చిన్నప్పుడు కుర్సురాలోకి వచ్చావు, గుర్తుందా?

హోస్ట్: గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరడం గుర్తుంది.

బాబాయ్: ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత రెండో కాలు. అలవాటైపోతే చీకట్లో కూడా తగలకుండా పోతాం. కంపార్ట్‌మెంట్‌కీ కంపార్ట్‌మెంట్‌కీ మధ్య దారి అదే. తొంభై మీటర్ల పొడవున్నా, నడిచే చోటు మాత్రం ఒక మనిషికి ఇంకో మనిషి ఎదురైతే పక్కకు తిరగాల్సినంతే. మంచాలు అందరికీ చాలవు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే మంచం మీద, అదే వెచ్చదనంలో పడుకుంటాడు. డీజిల్ వాసన ఒంటికి పట్టేస్తుంది. నేను సెయిలింగ్ నుంచి ఇంటికొస్తే మీ పిన్ని నా బట్టలు విడిగా నానబెట్టేది, ఇంట్లో వాళ్లవాటితో కలిపేది కాదు.

హోస్ట్: ఇప్పటికీ ఆ మాట చెప్తుంది పిన్ని!

బాబాయ్: చెప్తుంది మరి. ఇంకోటి గుర్తుపెట్టుకో. డీజిల్ సబ్‌మెరైన్ నీళ్లలోపల బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీ ఛార్జ్ చెయ్యాలంటే డీజిల్ ఇంజన్లు తిప్పాలి, ఇంజన్లకి గాలి కావాలి. అంటే పైకి రావాలి, లేదా స్నార్కెల్ గొట్టమైనా పైకి పెట్టాలి. అమెరికా వాళ్లకి అది బాగా తెలుసు. పైన రాండాల్ఫ్ అనే విమాన వాహక నౌక, డిస్ట్రాయర్లు, విమానాలు చుట్టుముట్టి, బీ-59 కనబడకుండా పైకొచ్చి ఛార్జ్ చేసుకునే వీలు లేకుండా చేశాయి. బ్యాటరీ అడుగంటింది. లోపల 45 డిగ్రీలు దాటిన వేడి, ఇంజన్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఇటుక బట్టీలో తలుపులు మూసి కూర్చోబెట్టినట్టు. మనిషికి తాగడానికి రోజుకి ఒక గ్లాసు నీళ్లు. కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు.

హోస్ట్: అప్పుడే డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్లలోపల పేలే బాంబులు వేశారు.

బాబాయ్: అవి ప్రాక్టీస్‌కి వాడే చిన్న ఛార్జీలు. "పైకి రా" అని చెప్పడానికి వేశారు. ఇలా సిగ్నల్ ఇస్తామని అమెరికా మాస్కోకి ముందే తెలిపింది. కానీ ఆ కబురు బీ-59కి చేరలేదు. లోపలున్నవాడికి డెప్త్ ఛార్జ్ చిన్నదా పెద్దదా అని ఎలా తెలుస్తుంది? ఉక్కు మొత్తం మోగిపోతుంది. మాస్కోతో రోజుల తరబడి సంబంధం లేదు. పైన యుద్ధం మొదలైపోయిందేమో అనుకోవడం తప్పా? ఆ రోజు అక్టోబర్ 27. అదే రోజు క్యూబా మీద అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు, పైలట్ చనిపోయాడు. అంత వేడిగా ఉంది పరిస్థితి.

హోస్ట్: ఇక్కడి నుంచి కథలు రెండు రకాలుగా ఉన్నాయి కదా?

బాబాయ్: ఉన్నాయి. బోటులో ఉన్న వాదిమ్ ఓర్లోవ్ అనే ఆఫీసర్ చెప్పినది ఒకటి. ఛార్జీల మోతకి సావిట్స్కీ సహనం కోల్పోయి, అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నారు, ఆర్కిపోవ్ ఆయన్ని శాంతపరిచారు, ఆ తర్వాత పైకి వచ్చారు అని. ముగ్గురు ఆఫీసర్లు ఓటేశారు, ఇద్దరు సరే అంటే ఆర్కిపోవ్ ఒక్కరే వద్దన్నారు అని సినిమా టైపులో చెప్పేది దీన్నుంచే పుట్టింది. రెండోది ఆర్కిపోవ్ గారే 1997లో ఒక సమావేశంలో చెప్పినది. బ్యాటరీ అయిపోయి రాత్రిపూట పైకొచ్చారు. వెంటనే విమానాలు సెర్చ్‌లైట్లు వేసి, తుపాకులు పేల్చి మీదికి వచ్చాయి. కళ్లు బైర్లు కమ్మిన కెప్టెన్, దాడి జరుగుతోందనుకుని మళ్లీ లోపలికి దిగమని ఆర్డర్ వేశారు.

హోస్ట్: అప్పుడు?

బాబాయ్: దిగే దారిలో సిగ్నల్ లైటు పట్టుకున్న మనిషి ఇరుక్కుపోయాడని చెప్తారు. ఆ కాస్త ఆలస్యంలో, ఇంకా పైనే ఉన్న ఆర్కిపోవ్, అమెరికా నౌక లైటుతో క్షమాపణ సిగ్నల్ ఇస్తోందని చూశారు. దాడి కాదని అర్థమై డైవ్ ఆపించారు. నన్నడిగితే నేను ఆయన మాటే ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే అందులో ఆయన తనని హీరోగా చూపించుకోలేదు. ఓటింగ్ సీన్ లేదు. పైన గాలి పీల్చుకుని, కళ్లతో చూసి, కెప్టెన్‌కి చెప్పడమే.

హోస్ట్: కానీ ఓర్లోవ్ చెప్పినది అబద్ధమంటారా?

బాబాయ్: అనను. ఒకే ఘటనని ఇద్దరు వేర్వేరు కంపార్ట్‌మెంట్ల నుంచి చూశారనుకో. దాడి జరుగుతోందనుకుని కెప్టెన్ తొందరపడితే ఆర్కిపోవ్ ఆపారని, రెండింటిలోనూ ఉంది. నాకు అది చాలు.

హోస్ట్: తిరిగి వెళ్లాక సన్మానాలు చేశారా?

బాబాయ్: సన్మానమా! అమెరికా వాళ్లకి దొరికిపోయి పైకి తేలారని చీవాట్లు. రక్షణ శాఖలో పెద్దాయన గ్రెచ్కో, వెళ్లినవి అణు సబ్‌మెరైన్లు కాదు డీజిల్‌వని తెలిసి కళ్లద్దాలు తీసి బల్లకేసి కొట్టారని తర్వాత ఒక కెప్టెన్ చెప్పారు. చూడు, ఏ బోటులు పంపారో పైవాళ్లకే తెలియదు! నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా కోపం వస్తుంది. ఆ వేడిలో, ఆ నీళ్లతో నెల రోజులు గడిపి బతికొచ్చిన పిల్లలకి దక్కిన మర్యాద అది.

హోస్ట్: ఆయన కెరీర్ దెబ్బతిందా?

బాబాయ్: లేదు, అది మెచ్చుకోవాల్సిందే. సబ్‌మెరైన్లకి, తర్వాత స్క్వాడ్రన్లకి కమాండ్ చేశారు. 1975లో రియర్ అడ్మిరల్ అయ్యారు. తను చదివిన బాకూ నేవీ స్కూల్‌కే అధిపతి అయ్యారు. 1981లో వైస్ అడ్మిరల్. ఆ ఎనభైలలోనే రిటైరై, మాస్కో పక్కన స్థిరపడ్డారు. 1998 ఆగస్టు 19న క్యాన్సర్‌తో పోయారు. కే-19 కెప్టెన్ జతేయెవ్ కూడా అదే నెల 28న పోయారు, తొమ్మిది రోజుల తేడాతో.

హోస్ట్: అప్పటికి ప్రపంచానికి ఆయన పేరు తెలియదు.

బాబాయ్: పెద్దగా తెలియదు. ఆ క్యూబా సంక్షోభానికి నలభయ్యేళ్లు నిండాయని 2002లో క్యూబా రాజధాని హవానాలో ఒక సమావేశం జరిగింది. అమెరికా, రష్యా, క్యూబా వాళ్లు కూర్చున్నారు. అక్కడ ఓర్లోవ్ చెప్పిన సంగతి పేపర్లకెక్కింది. 2017 అక్టోబర్ 27న ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ అనే సంస్థ ఆయన పేరున అవార్డు, యాభై వేల డాలర్లు కుటుంబానికి ఇచ్చింది. లండన్‌లో కూతురు, మనవడు అందుకున్నారు.

హోస్ట్: బాబాయ్, చివరగా సావిట్స్కీ గురించి. అందరూ ఆయన్ని తొందరపాటు మనిషిగా చూపిస్తారు.

బాబాయ్: వద్దమ్మా, ఆయన్ని విలన్ చెయ్యకండి. ఆ బోటులో ఉన్నవాళ్లందరి ప్రాణాలూ ఆయన చేతుల్లో ఉన్నాయి. నిద్ర లేదు, గాలి లేదు, పైనుంచి కబురు లేదు. ఆర్కిపోవ్ గారి మాట విని ఆర్డర్ వెనక్కి తీసుకున్నది కూడా ఆయనే. కోపంలో ఉన్న కెప్టెన్, సమాన ర్యాంకు ఆఫీసర్ చెప్పింది విని ఆగడం తేలికనుకుంటున్నావా? నేను సర్వీసులో కెప్టెన్లని చూశాను. వినేవాళ్లు ఉన్నారు, వినని వాళ్లూ ఉన్నారు. సావిట్స్కీ విన్నారు. ఆర్కిపోవ్ పేరు చెప్పినప్పుడు ఆయన పేరు కూడా చెప్పండి.